డాక్టర్ల ఎమర్జెన్సీ నైపుణ్యాలు, సిమ్యులేషన్ మదింపు: హైదరాబాద్‌లో తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ నగరంలో మత్తు డాక్టర్‌గా పనిచేస్తూ, జూనియర్ డాక్టర్లను స్కిల్స్ ల్యాబ్‌లో, అంటే బొమ్మల మీద చేతి పనులు చేయించి చూసే గదిలో, పరీక్షించే బాధ్యత కూడా చాలా కాలంగా చూస్తున్నాను. హౌస్ సర్జన్లు, పీజీలు, నర్సింగ్ హోముల డ్యూటీ డాక్టర్లు, అప్పుడప్పుడు రోగుల బంధువులు కూడా ఇవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ అడుగుతుంటారు. వారికి చెప్పే జవాబులనే ఇక్కడ రాస్తున్నాను.

రాత పరీక్ష, వైవా, కేసు ప్రజెంటేషన్ అన్నీ ఉండగా మళ్లీ ఈ సిమ్యులేషన్ మదింపు, అంటే ఎమర్జెన్సీని బొమ్మతో సృష్టించి పరీక్షించడం, ఎందుకు?

అవి చదువును కొలుస్తాయి. ఇది చేతిని కొలుస్తుంది. 1990లో జార్జ్ మిల్లర్ అనే అమెరికన్ వైద్య విద్యావేత్త ఈ సంగతిని నాలుగు మెట్లుగా విడమరిచి చెప్పారు. విషయం తెలియడం, ఎలా చేయాలో తెలియడం, చేసి చూపించగలగడం, రోజువారీ పనిలో నిజంగా చేయడం. మొదటి రెండింటికి కాగితమూ వైవా చాలు. నాలుగోది వార్డులో రోగి మంచం పక్కనే తెలుస్తుంది. మధ్యలో ఉన్న మూడో మెట్టును మనం ఏళ్ల తరబడి దాటేసి పోయాం.

టెన్షన్ న్యూమోథొరాక్స్ (ఛాతీలో గాలి బిగిసి ఊపిరితిత్తిని నొక్కేసే ప్రమాదం) గురించి నాలుగు పేజీలు తప్పు లేకుండా రాసిన కుర్రాడు, అర్ధరాత్రి ఊపిరాడక నీలిరంగుకు తిరుగుతున్న మనిషి ముందు సూది పట్టుకుని, పక్కటెముకలు లెక్కపెట్టుకుంటూ నిలబడిపోవడం నా కళ్లతో చూశాను. అతనికి చదువు రాక కాదు. ఆ చేతితో ఆ పని అంతకుముందు ఎవరూ చేయించలేదు. ‘ఒకసారి చూడు, ఒకసారి చెయ్యి, ఇంకొకరికి నేర్పు’ అనే పాత పద్ధతి పుండుకు కుట్లు వేయడానికి సరిపోతుందేమో. ఎమర్జెన్సీలో ఆ ‘ఒకసారి చెయ్యి’ అన్నది చావుబతుకుల్లో ఉన్న మనిషి మీద జరుగుతుంది. అది నాకు ఎప్పటికీ సమ్మతం కాదు.

ఇది ఈమధ్య విదేశాల నుంచి వచ్చిన పద్ధతి కదా, మన దగ్గర నిలుస్తుందా?

మానెకిన్లు, అంటే మనిషి ఆకారపు శిక్షణ బొమ్మలు, బయటి నుంచి వచ్చిన మాట నిజమే. నార్వేలో బొమ్మలు తయారుచేసే ఆస్ముండ్ లేర్డాల్ 1960లో సీపీఆర్ (గుండె ఆగినవారి ఛాతీని నొక్కుతూ ఊపిరి ఇవ్వడం) నేర్పడానికి ‘రెససీ ఆన్’ అనే బొమ్మను తెచ్చారు. 1967లో అమెరికాలోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ‘సిమ్ వన్’ అనే కంప్యూటర్ మానెకిన్‌ను మత్తు డాక్టర్ల శిక్షణకు వాడారు. 1975లో స్కాట్లండ్‌లోని డండీలో రొనాల్డ్ హార్డెన్ ‘ఓస్కీ’ని ప్రవేశపెట్టారు. అభ్యర్థులు ఒక్కో స్టేషన్‌కు వెళ్లి, ఒక్కో పని చేసి చూపించి, గంట కొట్టగానే తరువాతి స్టేషన్‌కు కదిలే ఆ పరీక్షే ఇప్పుడు మన కాలేజీల్లోనూ నడుస్తోంది.

అయితే అత్యవసర పరిస్థితిలో ఏం చేయాలో ముందుగానే పరీక్షించి తేల్చుకోవాలన్న పట్టుదల ఈ ఊరికి కొత్తది కాదు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ సాయంతో 1888లో ఒకసారి, 1889లో మరోసారి ఇక్కడ, అప్పట్లో మత్తుకు వాడే క్లోరోఫాం మీద కమిషన్లు పనిచేశాయి. హైదరాబాద్ మెడికల్ స్కూల్‌ను నడిపిన ఎడ్వర్డ్ లారీ వాటి వెనక ఉన్నారు. మత్తులో మనిషి చనిపోయేటప్పుడు ముందు ఆగేది ఊపిరా, గుండెనా అని జంతువులపై ప్రయోగాలు చేసి చూశారు. ఊపిరినే గమనిస్తూ ఉండాలని తేల్చారు. క్లోరోఫాం గుండె లయను కూడా నేరుగా చెడగొట్టగలదని 1911లో గుడ్‌మన్ లెవీ చూపించడంతో ఆ తీర్పులో సగమే నిజమని తేలింది. అయినా, వాదనతో తేలని విషయాన్ని చేసి చూసి తేల్చుకుందామన్న ఆ ధోరణి అంటే నాకు గౌరవం. 108 సేవ కూడా 2005 ఆగస్టు 15న ఈ నగరం నుంచే మొదలైంది. ఇక ఎంబీబీఎస్‌లో 2019 బ్యాచ్ నుంచి వచ్చిన పాఠ్యప్రణాళిక స్కిల్స్ ల్యాబ్‌ను తప్పనిసరి చేసింది. కాబట్టి నిలుస్తుందా అన్న సందేహానికి ఇప్పుడు చోటు లేదు. సరిగ్గా వాడుకుంటామా లేదా అన్నదే చూడాలి.

ఏయే పనులను చూస్తారు?

అందరికీ మొదటిది సీపీఆర్. ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. పెద్దవారిలో కనీసం 5 సెంటీమీటర్లు దిగాలి, 6 దాటకూడదు. ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. నాడి చూడటానికైనా, షాక్ ఇవ్వడానికైనా మధ్యలో ఆపేది 10 సెకన్ల లోపే ఉండాలి. ఈ అంకెలన్నీ అందరికీ నోటికి వస్తాయి. మానెకిన్‌కు కలిపిన తెర మీద మాత్రం నొక్కే వేగం 140కి పోవడం, రెండో నిమిషానికి లోతు 4కి పడిపోవడం కనిపిస్తుంది. అలసిపోయామని ఒప్పుకుని పక్కవారికి అప్పగించడం కూడా నైపుణ్యమే. దానికీ మార్కులున్నాయి.

తరువాత శ్వాసమార్గం. బ్యాగ్, మాస్క్‌తో గాలి పంపడం, నోటి నుంచి శ్వాసనాళంలోకి ట్యూబ్ వేయడం, ఏదీ కుదరనప్పుడు గొంతు ముందుభాగంలో కోసి ట్యూబ్ పెట్టడం. ఆపై ఛాతీలో గాలి బిగిసినప్పుడు సూదితో తీయడం, దాన్ని బయటికి పంపే డ్రెయిన్ గొట్టం వేయడం, నరం దొరకని పసివాడికి ఎముకలోంచి మందు ఎక్కించడం, గుండెకు షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్ వాడకం. ప్రసూతి విభాగం వారికి కాన్పు తరువాత ఆగని రక్తస్రావం, బిడ్డ భుజం ఇరుక్కుపోవడం, గుర్రపువాతం. ఎవరి విభాగాన్ని బట్టి వారికి స్టేషన్లు మారతాయి.

బొమ్మ మీద బాగా చేసినవారు మనిషి మీదా బాగా చేస్తారని నమ్మకం ఏమిటి?

చాలా మంచి ప్రశ్న. అన్ని విషయాల్లోనూ ఒకే జవాబు లేదు. గట్టి ఆధారాలున్న రెండు ఉదాహరణలు చెబుతాను. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో ఒక ఆసుపత్రి తన కాన్పుల గది సిబ్బంది అందరికీ భుజం ఇరుక్కున్న కాన్పులను మానెకిన్‌తో నేర్పింది. అలాంటి కాన్పుల్లో దెబ్బ తగిలిన బిడ్డల శాతం 9.3 నుంచి 2.3కి తగ్గింది. 2008లో ప్రచురించిన లెక్క అది. అమెరికాలోని షికాగోలో, మెడ దగ్గర పెద్ద నరంలో లైన్ (మందులెక్కించే సన్నని గొట్టం) వేయడాన్ని మానెకిన్ మీద ముందుగా నిర్ణయించిన స్థాయికి చేరేదాకా సాధన చేయించి, ఆ తరువాతే ఐసీయూలోకి పంపారు. ఆ లైన్ల వల్ల వచ్చే రక్తపు ఇన్‌ఫెక్షన్లు లైన్ ఉంచిన ప్రతి వెయ్యి రోజులకు 3.2 నుంచి 0.5కి దిగాయి.

ఈ రెండింటిలోనూ ఒక సంగతి గమనించాలి. ఫలితం ఇచ్చింది బొమ్మ కాదు. అందరినీ కూర్చోబెట్టడం, స్థాయి చేరనివారిని మళ్లీ చేయించడం ఫలితం ఇచ్చాయి. మానెకిన్ గొంతులో వాంతి ఉండదు, రక్తం పొంగదు, పొట్టి మెడ కొవ్వు ఉండదు, పక్కన తల్లి ఏడవదు. అందుకే స్కిల్స్ ల్యాబ్‌లో పాసైతే వార్డులో సీనియర్ పర్యవేక్షణలో చేయడానికి అర్హత వచ్చినట్లు మాత్రమే. ఒంటరిగా వదిలేయడానికి అది పత్రం కాదు.

మార్కులు ఎలా వేస్తారు? పరీక్షకుడి ఇష్టాయిష్టాలు ఉండవా?

ఉండే ప్రమాదం ఉంది కాబట్టే ఇంత కసరత్తు. ప్రతి స్టేషన్‌కు ఒక చెక్‌లిస్టు ఉంటుంది. దానితోపాటు ‘మొత్తంగా ఈ డాక్టర్ చేతిలో రోగి క్షేమంగా ఉంటాడా’ అని అంచనా వేసే మరో కొలబద్ద ఉంటుంది. కెనడాలోని టొరంటోలో శస్త్రచికిత్సల నైపుణ్యం కోసం 1990లలో ఈ రెండింటినీ పక్కపక్కనే పెట్టి చూసినప్పుడు, అనుభవజ్ఞులు వాడే రెండో కొలబద్దకే నిలకడ ఎక్కువని తేలింది. నా అనుభవమూ అదే చెబుతుంది. ఎందుకో ఒక ఉదాహరణ.

అభ్యర్థి వచ్చారు. గ్లవ్స్ వేసుకున్నారు, సక్షన్ పనిచేస్తుందో లేదో చూశారు, గొంతు లోపలికి చూసే లారింగోస్కోప్ లైటు చూశారు, మానెకిన్ తల కింద మడత దుప్పటి పెట్టారు. ఎడమ చేతిలో స్కోప్. అంతవరకు అన్నిటికీ టిక్కులే. పైకి ఎత్తాల్సిన స్కోప్‌ను మణికట్టుతో వెనక్కి వంచడంతో పై పళ్ల మీద ‘టక్’మని చప్పుడైంది. ట్యూబ్ లోపలికి వెళ్లింది. బ్యాగ్ నొక్కగానే ఛాతీ కదలలేదు, పొట్ట ఉబ్బింది. తెర మీద, వదిలే ఊపిరిని చూపించే కార్బన్ డయాక్సైడ్ గీత నిటారుగా లేవకుండా నేల మీద తాడులా పడి ఉంది. అభ్యర్థి స్టెత్ పెట్టి విని, ‘రెండు వైపులా గాలి వెళ్తోంది’ అన్నారు. ట్యూబుకు ప్లాస్టర్ కూడా వేశారు, అదీ చక్కగా.

ఇరవై అంశాల చెక్‌లిస్టులో పద్దెనిమిది చేశారు. అంటే 90 శాతం. నిజమైన రోగి అయితే ఆ తొంభై మార్కులతో చనిపోయి ఉండేవాడు. అందుకే కొన్ని తప్పులను ప్రాణాంతకమైనవిగా ముందే గుర్తించి పెడతాం. మిగతావి ఎన్ని సరిగ్గా చేసినా అవి చేస్తే ఆ స్టేషన్ తప్పినట్లే. ఒక్క మాట మాత్రం స్పష్టంగా చెప్పాలి. ట్యూబ్ అన్నవాహికలోకి వెళ్లడం ప్రాణాంతకమైన తప్పు కాదు. అది ఎంతటివారికైనా జరుగుతుంది. వెళ్లిందని గుర్తించకపోవడమే ప్రాణాంతకం.

పాస్ మార్కు కూడా గాలిలోంచి తీసిన యాభై కాదు. అంచున నిలబడే అభ్యర్థిని, అంటే గట్టెక్కుతాడో లేదో చెప్పలేని డాక్టర్‌ను ఊహించుకోమని పరీక్షకులను అడుగుతాం. అలాంటివారు నూరుగురిలో ఎందరు ఈ అంశాన్ని సరిగ్గా చేస్తారో ఒక్కో అంశానికీ ఎవరికి వారు రాస్తారు. వాటి సగటే పాస్ మార్కు. విలియం ఆంగాఫ్ 1971లో చెప్పిన పద్ధతి ఇది. పరీక్షకు ముందు అందరం కలిసి ఒకే వీడియో చూసి మార్కులు వేసి పోల్చుకుంటాం. మొదటిసారి ఆ పని చేసినప్పుడు నేను వేసిన మార్కులకు, నా పక్కవారు వేసిన మార్కులకు ఉన్న తేడా చూసి నాకు నిద్ర పట్టలేదు.

ఒక్క స్టేషన్‌లో తడబడితే ఫెయిలేనా?

కాదు. ట్యూబ్ వేయడంలో దిట్ట అయినవారు ఛాతీ డ్రెయిన్ దగ్గర తడబడవచ్చు. ఒక పనిలో నైపుణ్యం ఇంకో పనిలో నైపుణ్యానికి హామీ ఇవ్వదని వైద్య విద్యలో ఎన్నో పరిశోధనలు చెప్పాయి. అందుకే ఎక్కువ స్టేషన్లు, ఎక్కువ మంది పరీక్షకులు. ఒకే కేసు, ఒకే పరీక్షకుడితో ఎవరి భవిష్యత్తునూ తేల్చకూడదు.

మా దగ్గర ఖరీదైన మానెకిన్ లేదు. చిన్న ఆసుపత్రి. ఏం చేయాలి?

మటన్ దుకాణానికి వెళ్లండి. ఈ మాట మనస్ఫూర్తిగా చెబుతున్నాను. గొంతు కోసి ట్యూబ్ పెట్టే సాధనకు మేక స్వరపేటికను మించినది నాకు దొరకలేదు. తలకాయ వైపు స్వరపేటిక చెడకుండా, దాని కింద నాలుగైదు వలయాల శ్వాసనాళం మిగిలేలా కోసి ఇమ్మని దుకాణదారుకు ముందురోజే చెప్పి పెట్టుకోవాలి. లేకపోతే పనికిరాకుండా తెగిపోతుంది. మా దుకాణం ఆయన మొదట్లో ఇదంతా ఎందుకని అడిగారు. సంగతి చెప్పాక ఇప్పుడు నేను అడగకముందే నాలుగు పక్కన పెడుతున్నారు.

దాన్ని చెక్క పలక మీద బిగించి, చర్మం బదులు పలుచని రెగ్జిన్ కప్పండి. ఎడమ చేతి చూపుడు వేలితో తడిమితే రెండు మృదులాస్థుల మధ్య మెత్తని గుంట తగులుతుంది. పది నంబరు బ్లేడుతో అడ్డంగా ఒక కోత, బ్లేడు తిప్పి పట్టుకుని పక్క నుంచి బూజీ (ట్యూబుకు దారి చూపే సన్నని కడ్డీ) లోపలికి, దాని మీదుగా ఆరు నంబరు ట్యూబ్. బ్రిటన్ డిఫికల్ట్ ఎయిర్‌వే సొసైటీ 2015లో సూచించిన పద్ధతి ఇది. బూజీ లోపలికి జారుతున్నప్పుడు వలయాల మీద గరగరమని వేళ్లకు తెలుస్తుంది. ప్లాస్టిక్ గొంతులో ఆ స్పర్శ నాకు దొరకలేదు. ఛాతీ డ్రెయిన్‌కు మేక పక్కటెముకల పలక, ఎముకలోకి సూది వేయడానికి కోడి కాలు ఎముక సరిపోతాయి. ఈ సామాను వేరే ట్రేలో ఉంచాలి, రోగుల పరికరాలతో కలపకూడదు.

డాక్టర్‌ను మాత్రమే చూస్తారా, నర్సులను కూడానా?

చేతి పనిని విడిగానే చూస్తాం. ఎమర్జెన్సీని మాత్రం టీముగా చూడాలి. 2005లో బ్రిటన్‌లో మామూలు సైనస్ ఆపరేషన్‌కు వచ్చిన ఒక ఇల్లాలికి మత్తు ఇచ్చాక శ్వాసమార్గం మూసుకుపోయింది. అనుభవజ్ఞులైన డాక్టర్లు ట్యూబ్ వేయడానికే మళ్లీ మళ్లీ ప్రయత్నించారు. గొంతు కోసే పరికరాల సెట్టును ఒక నర్సు తెచ్చి చెప్పారు కూడా. ఆ మాట అక్కడ ఎవరికీ ఎక్కలేదు. ఆమె దక్కలేదు. విమాన పైలట్ అయిన ఆమె భర్త, ఎవరిపైనా కక్ష పెంచుకోకుండా, ఇలాంటి తప్పులు మళ్లీ జరగకూడదని అప్పటి నుంచి పనిచేస్తున్నారు.

మన వార్డుల్లో ఇది ఇంకా కష్టం. ‘సార్, శాచురేషన్ పడిపోతోంది సార్’ అని మన సిస్టర్లు చెప్పే గొంతులో సమాచారం కంటే మొహమాటం ఎక్కువ. అందుకే మా స్టేషన్లలో ఒకదానిలో, నర్సు పాత్రలో ఉన్నవారు కావాలనే చిన్నగా ఒక హెచ్చరిక చెబుతారు. డాక్టర్ దాన్ని వినిపించుకున్నారా, తిరిగి పలికారా, పేరు పెట్టి పిలిచి పని అప్పగించారా అన్నది చూస్తాం. ‘ఎవరైనా అడ్రినలిన్ ఇవ్వండి’ అంటే ఎవరూ ఇవ్వరు. ‘సునీత సిస్టర్, ఒక మిల్లీగ్రాము ఇవ్వండి, ఇచ్చాక నాకు చెప్పండి’ అంటే పని జరుగుతుంది.

రోగి బంధువులతో మాట్లాడటం కూడా పరీక్షలో ఉంటుందా? ఏ భాషలో?

ఉంటుంది. రోగి పాత్రను శిక్షణ పొందిన వ్యక్తి పోషించే పద్ధతిని 1963లో హొవార్డ్ బారోస్ మొదలుపెట్టారు. మేము రంగస్థల అనుభవం ఉన్నవారి సాయం తీసుకుంటాం. ఒక స్టేషన్‌లో నల్లగొండ నుంచి వచ్చిన తండ్రి, ఇంకో స్టేషన్‌లో పాతబస్తీ నుంచి వచ్చిన అమ్మ. తెలుగులోనో ఉర్దూలోనో మాట్లాడాలి. ‘పేషెంట్ అరెస్ట్ అయ్యారు’ అని చెబితే పోలీసులు పట్టుకున్నారని ఆ తండ్రి అనుకుంటాడు. గుండె ఆగింది, తిరిగి కొట్టుకునేలా చేయడానికి ప్రయత్నిస్తున్నాం అని చెప్పగలగాలి. చెప్పి, రెండు క్షణాలు ఆగాలి.

పదిహేనేళ్ల అనుభవం ఉన్నవాళ్లం. హౌస్ సర్జన్ల పక్కన నిలబెట్టి పరీక్షించడం అవమానంగా ఉండదా?

మీ సంకోచం నాకు అర్థమవుతుంది, నేనూ ఆ వయసువాడినే. విడి బ్యాచ్ కావాలంటే ఏర్పాటు చేస్తాం. పరీక్ష మానడం మాత్రం కుదరదు. రోజూ చేసే పనులు ఏళ్లు గడిచేకొద్దీ మెరుగుపడతాయి. అరుదుగా చేసే పనులు తుప్పు పడతాయి. గొంతు కోసి ట్యూబ్ పెట్టాల్సిన అవసరం ఉద్యోగ జీవితమంతా కలిపి ఒకటి రెండు సార్లు రావచ్చు. ఆ ఒక్కసారికి పదిహేనేళ్ల అనుభవం లెక్కలోకి రాదు, నిరుటి సాధన వస్తుంది.

ఎన్నాళ్లకోసారి చేయాలి?

సీపీఆర్ సర్టిఫికెట్లకు సాధారణంగా రెండేళ్ల గడువు. చేతి పనితనం మాత్రం మూడు నుంచి ఆరు నెలల్లోనే తగ్గడం మొదలవుతుంది. రెండేళ్లకోసారి రెండు రోజుల తరగతి కంటే మూడు నెలలకోసారి పావుగంట నాకు ఇష్టం. మానెకిన్‌ను వార్డు మూలలో పెట్టి, డ్యూటీ మారే వేళ చేయించవచ్చు.

వీడియో తీస్తారట. అది ఎవరి చేతికి వెళ్తుంది?

అభ్యర్థి సంతకం లేకుండా తీయకూడదు. మార్కుల మీద అభ్యంతరం వస్తే మళ్లీ చూడటానికి, డీబ్రీఫింగ్‌లో, అంటే పరీక్ష అయ్యాక కూర్చుని మాట్లాడేటప్పుడు, మీ పనిని మీకే చూపించడానికి అది పనికొస్తుంది. వాట్సాప్ గ్రూపుల్లోకి వెళ్లడం నేరంగా భావించాలి. శిక్షణ కోసం చేసిన సెషన్ వీడియోను యాజమాన్యం జీతాల పెంపుకో, ఉద్యోగం తీసేయడానికో అడిగితే ఇవ్వకూడదని నా గట్టి అభిప్రాయం. శిక్షణ వేరు, అర్హత పరీక్ష వేరు. ఆ రోజు జరుగుతున్నది ఏదో గదిలోకి అడుగు పెట్టకముందే చెప్పాలి.

రేపే నా మదింపు. ఈ రాత్రి ఏం చదవాలి?

పుస్తకం మూసేయండి. తాళం వినిపించే మెట్రోనోమ్ యాప్ పెట్టుకుని దిండును రెండు నిమిషాలు నొక్కండి. అడ్రినలిన్ మూడు నుంచి ఐదు నిమిషాలకోసారి ఒక మిల్లీగ్రాము అన్నది పైకి పలకండి. గదిలోకి రాగానే మానెకిన్‌ను తాకి చూడటానికి సమయం ఇస్తారు, నాడి ఎక్కడ తెలుస్తుందో, ఛాతీ ఎంత గట్టిగా ఉందో చూసుకోండి. మొహమాటపడి ఆ సమయం వదులుకునేవారే ఎక్కువ. చేస్తున్న ప్రతి పనినీ నోటితో చెప్పండి. తరువాత నిద్రపోండి.

మేము డాక్టర్లం కాదు. మాకు ఇందులో ఏమైనా ఉందా?

ఉంది. ఇంట్లో ఒకరు కుప్పకూలితే 108 వచ్చేలోపు చేతులు మీవే. సామాన్యుల కోసం నోటితో ఊపిరి ఊదాల్సిన పని లేకుండా ఛాతీ మాత్రమే నొక్కే పద్ధతిని మన దేశపు మత్తు డాక్టర్ల సంఘం ‘కోల్స్’ పేరుతో ఇచ్చింది. నేర్చుకోవడానికి ఒక పూట చాలు.

ఫెయిలైతే ఏమవుతుంది?

ముందు కూర్చుని మాట్లాడతాం. తప్పుల జాబితా చదివి వినిపించడంతో మొదలుపెట్టం. ‘ఆ క్షణంలో మీరు ఏం చూశారు, ఏమనుకున్నారు?’ అని అడుగుతాం. చేయి ఎందుకు తప్పిందో అక్కడే దొరుకుతుంది. తరువాత ఆ ఒక్క పనినే విడిగా సాధన చేయించి, వారం పది రోజుల్లో మళ్లీ చూస్తాం. ఆలోగా ఆ పనిని రోగి మీద ఒంటరిగా చేయనివ్వం.

పైన చెప్పిన ట్యూబ్ కేసులోని అభ్యర్థి ఒక పీజీ అమ్మాయి. డీబ్రీఫింగ్‌లో, ‘గీత చూశాను సార్, మెషిన్ పాడైందనుకున్నాను’ అంది. నాలుగు సాయంత్రాలు డ్యూటీ దిగి వచ్చి సాధన చేసింది. మళ్లీ పరీక్ష పెట్టిన రోజున కూడా మొదటి ప్రయత్నంలో ట్యూబ్ అన్నవాహికలోకే వెళ్లింది. రెండుసార్లు బ్యాగ్ నొక్కి తెర వైపు చూసింది. ‘గీత రాలేదు, తీసేస్తున్నాను’ అని పైకి చెప్పి, ట్యూబ్ లాగేసి, మాస్క్ పెట్టి గాలి ఇచ్చింది. తల ఎత్తు సరిచేసుకుని రెండోసారి వేసింది. గీత లేచింది. నేను కాగితం మీద పాస్ అని రాశాను.